వెబ్ యాప్, నేటివ్ యాప్: పదిహేడేళ్ల గట్టు తగాదా

ఐఫోన్ ఇంకా అమ్మకానికి రాలేదు. 2007 జూన్ 11న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఆపిల్ డెవలపర్ల సదస్సులో అందరి నోటా ఒకటే ప్రశ్న: ఈ ఫోన్‌కు బయటివాళ్లు ప్రోగ్రాములు రాయడమెలా? వెబ్‌సైటు రాసినట్టే రాయండి, సఫారీ బ్రౌజర్‌లో నడుస్తుంది, వేరే డెవలప్‌మెంట్ కిట్ అక్కర్లేదన్నారు స్టీవ్ జాబ్స్. డెవలపర్లు పెదవి విరిచారు. విరవరా మరి, ఆపిల్ తన మెయిల్‌ను, మ్యాప్స్‌ను ఆ దారిలో రాసుకోలేదు. అక్టోబరుకల్లా జాబ్స్ మాట మార్చారు. 2008 మార్చిలో కిట్ వచ్చింది, జూలై 10న సుమారు 500 యాప్‌లతో యాప్ స్టోర్ తెరుచుకుంది. అమ్మకాల్లో అప్పుడు ఆపిల్ వాటా 30 శాతం. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ వారి ఆండ్రాయిడ్ మార్కెట్ కూడా వచ్చింది.

అలా రెండు దారులు చీలాయి. వెబ్ యాప్ సర్వర్‌లో ఉంటుంది. లింకు నొక్కితే ఏ ఫోన్‌లోనైనా తెరుచుకుంటుంది, దాన్ని ఎవరి అనుమతీ లేకుండా రాత్రికి రాత్రే మార్చుకోవచ్చు. నేటివ్ యాప్‌ను ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్‌కూ విడిగా రాయాలి: ఐఫోన్‌కు ఆబ్జెక్టివ్-సి, తర్వాత స్విఫ్ట్, ఆండ్రాయిడ్‌కు జావా, తర్వాత కోట్లిన్. కెమెరా, కాంటాక్టులు, నోటిఫికేషన్ల వంటివి అది నేరుగా సిస్టమ్‌నే అడుగుతుంది. వెబ్ యాప్‌కు మాత్రం బ్రౌజర్ ఎంత ఇస్తే అంతే. ఐఫోన్‌లో క్రోమ్ వేసుకున్నా, ఫైర్‌ఫాక్స్ వేసుకున్నా లోపలి ఇంజన్ ఆపిల్ వారి వెబ్‌కిట్టే కావాలన్నది 2024 దాకా అన్ని దేశాల్లోనూ ఉన్న నిబంధన. అంటే గట్టు ఎక్కడ వేయాలో తేల్చేది పక్క పొలం ఆసామే. ఈ తేడాను కేవలం సాంకేతిక విషయంగా చూసే వివరణలు నాకు అసంపూర్ణంగా తోచేది ఇందుకే.

సాంకేతిక కారణాలు లేవని కాదు. ఫేస్‌బుక్ తన యాప్ పై తొడుగును మాత్రం నేటివ్‌గా ఉంచి, లోపల వెబ్ పేజీలు నడిపింది. స్క్రోల్ చేస్తే తడబడేది. 2012 ఆగస్టులో ఐఫోన్ యాప్‌ను మొదటి నుంచి నేటివ్‌గా తిరగరాసింది. వెబ్ పేజీల భాష హెచ్‌టీఎంఎల్5ను అతిగా నమ్ముకోవడం కంపెనీ చేసిన అతి పెద్ద పొరపాటని మర్నెల జుకర్‌బర్గ్ ఒప్పుకున్నారు. దాంతో వెబ్ పని అయిపోయిందన్నారు చాలామంది. సరిగ్గా అంతకు ఏడాది ముందు లండన్ పత్రిక ఫైనాన్షియల్ టైమ్స్ ఎదురు దారి పట్టింది. చందాల్లో 30 శాతం వాటా, పాఠకుల వివరాల మీద ఆపిల్ పట్టు దానికి నచ్చలేదు. 2011 జూన్‌లో వెబ్ యాప్ తెచ్చి, ఆగస్టులో స్టోర్ నుంచి తప్పుకుంది.

ఫోన్ మొత్తాన్నీ వెబ్ మీదే నడపాలని ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా కూడా చూసింది. 2014లో ఇంటెక్స్ వారి ఫైర్‌ఫాక్స్ ఫోన్ మన దేశంలో 1,999 రూపాయలకే వచ్చింది. ఆ ప్రయత్నం నిలవలేదు కానీ, దాని కోడ్ నుంచే పుట్టిన కైఓఎస్ 2017లో జియోఫోన్‌లోకి చేరింది. మన ఊళ్లలో బటన్ల ఫోన్ మీద వెబ్ యాప్‌లు వాడినవాళ్లలో ఎంతమందికి ఆ సంగతి తెలుసు?

అసలు మలుపు బెంగళూరులో వచ్చింది. 2015లో ఫ్లిప్‌కార్ట్ తన మొబైల్ సైటును మూసేసి, ఫోన్ బ్రౌజర్‌లో వచ్చినవాళ్లను యాప్ వేసుకోమంది. దాని చేతిలోనే ఉన్న మింత్రా ఇంకో అడుగు ముందుకేసి, మేలో వెబ్‌సైటునే తీసేసింది. కానీ కొనేవాళ్ల చేతుల్లోని చవక ఫోన్లలో చోటు తక్కువ. పెళ్లి ఫొటోలకు జాగా కావాలంటే ముందు పోయేది షాపింగ్ యాపే. ఆ జూన్‌లోనే గూగుల్ ఇంజనీరు అలెక్స్ రసెల్, డిజైనర్ ఫ్రాన్సెస్ బెరిమన్ కొత్త తరహా వెబ్ యాప్‌లకు ప్రోగ్రెసివ్ వెబ్ యాప్ అని పేరు పెట్టారు. వాటికి ప్రాణం సర్వీస్ వర్కర్: పేజీకీ నెట్‌వర్క్‌కూ మధ్య కూర్చుని, సిగ్నల్ పోయినా దాచిపెట్టిన పేజీతో జవాబిచ్చే చిన్న ప్రోగ్రాము. నవంబరులో ఫ్లిప్‌కార్ట్ లైట్ ఈ పద్ధతిలోనే బ్రౌజర్‌లోకి తిరిగొచ్చింది. దాన్ని వాడినవాళ్లలో 63 శాతం 2జీ మీదే వచ్చారని గూగుల్ ప్రకటించింది. వెబ్ పచ్చగా ఉంటేనే సెర్చ్ వ్యాపారం పచ్చగా ఉంటుంది కాబట్టి, గూగుల్ లెక్కల్ని ఆ ఎరుకతోనే చదవాలి. మింత్రా కూడా 2016 జూన్‌కల్లా డెస్క్‌టాప్ సైటును మళ్లీ తెరిచింది.

ఆపిల్ మాత్రం తొందరపడలేదు. సర్వీస్ వర్కర్లను 2018 మార్చిలో ఐఓఎస్ 11.3తో అనుమతించింది. నేటివ్ యాప్‌లకు 2009లోనే ఇచ్చిన పుష్ నోటిఫికేషన్లు వెబ్ యాప్‌లకు అందింది 2023 మార్చిలో, అదీ హోమ్ స్క్రీన్ మీద పెట్టుకున్నవాటికే. పద్నాలుగేళ్ల ఈ ఆలస్యాన్ని ఇంజనీరింగ్ కష్టాల ఖాతాలో వేయడం నాకు సాధ్యం కావడం లేదు. ఈలోగా 2019 నుంచి ఆండ్రాయిడ్‌లో వెబ్ యాప్‌నే ప్లే స్టోర్‌లో పెట్టే వీలు వచ్చింది. స్టోర్ నుంచి దించుకున్నంత మాత్రాన అది నేటివ్ యాప్ అనుకోవడానికి లేదు.

2024 ఆరంభంలో యూరప్ కొత్త చట్టం ఇతర బ్రౌజర్ ఇంజన్లకూ ఐఫోన్ తలుపు తెరవాలంది. భద్రత కారణం చూపి, యూరోపియన్ యూనియన్‌లో హోమ్ స్క్రీన్ వెబ్ యాప్‌లను మామూలు బుక్‌మార్కులుగా మార్చేస్తామంది ఆపిల్. డెవలపర్లు భగ్గుమన్నారు. మార్చి 1న కంపెనీ వెనక్కి తగ్గి, వాటిని కొనసాగిస్తామని ప్రకటించింది. అయితే ఒక షరతు: అవి వెబ్‌కిట్ మీదే నడవాలి.