జీను కింద నాలుగు గుర్తులు

శనివారం పొద్దున్నే మా అమ్మాయిని గుర్రపుస్వారీ క్లాసుకి తీసుకెళ్ళడం నా వంతు. దక్షిణ ఇంగ్లండులో మేముండే ఊరికి రెండు మైళ్ళ దూరంలో ఒక చిన్న గుర్రపుశాల ఉంది. ఏడెనిమిది పోనీలు, బోలెడు బురద, ఎండుగడ్డి వాసన, ఫ్లాస్కులో టీ. పోనీ అంటే పొట్టిజాతి గుర్రం. మనవైపు తట్టు అనేవారు. మొదట్లో ఆ మాట వింటే నాకు నవ్వొచ్చేది. పోయినదాని గురించి మనం "పోనీలే" అనుకుంటాం కదా, అందుకు.

ఆ శాల నడిపే ఆవిడకి డెబ్బై దాటాయి. ఒక శనివారం స్వారీ అయ్యాక ఆవిడ గోధుమరంగు పోనీ మీంచి జీను తీస్తుంటే వీపు మీద, సరిగ్గా జీను ఆనే చోట, తెల్లటి వెంట్రుకలతో అక్షరాలూ అంకెలూ కలిపి నాలుగు గుర్తులు కనిపించాయి. సుద్దముక్కతో రాసినట్టున్నాయి. మా అమ్మాయి వేలితో తుడవబోయింది. పోలేదు.

"అది పోదమ్మా. దొంగలు చదువుకోవడానికి రాయించాను," అంది ఆవిడ.

తర్వాత టీ తాగుతూ అసలు సంగతి చెప్పింది. 1984లో ఆవిడ పోనీ ఒకటి రాత్రికి రాత్రి పొలంలోంచి మాయమైంది. ముదురు బూడిదరంగుది. నుదుటి మీద ఒకదాని కింద ఒకటిగా రెండు సుళ్ళు. ఒంటిమీద ఏ ముద్రా లేదు. పోలీసులకి ఫొటో ఇచ్చింది, చుట్టుపక్కల సంతలన్నీ తిరిగింది. దొరకలేదు. "ఇప్పటికీ సంతలో ముసలి తెల్ల పోనీ కనిపిస్తే దగ్గరికెళ్ళి జూలు పైకెత్తి నుదురు చూస్తాను. నాది ఎప్పుడో పోయి ఉంటుందని తెలుసు. చెయ్యి ఊరుకోదు," అంది.

బూడిదరంగుది పోతే తెల్లవాటి నుదురు చూడడమేమిటని అడిగాను. ఆ రంగు గుర్రాలు పుట్టినప్పుడు నల్లగానో గోధుమరంగులోనో ఉంటాయట. ఏటేటా తెల్లబడుతూ వస్తాయి. అంటే ఆవిడ పోలీసులకిచ్చిన ఫొటోకి పదేళ్ళు తిరిగేసరికి అర్థం లేకుండా పోయింది. రంగు మారింది. తోక కత్తిరించవచ్చు, జూలు గొరగవచ్చు. మారనివి ఆ రెండు సుళ్ళే. వాటిని ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు.

ఇంటికొచ్చాక ఆ మాట నన్ను వదల్లేదు. గుర్రం "నేను ఫలానావారి దాన్ని" అని చెప్పలేదు. దాని తరఫున ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి? ఈ ప్రశ్నకి మనుషులు వందల ఏళ్ళుగా ఏమేం జవాబులు వెతికారో చదువుతూ పోతే, ఆఖరికి అన్నీ ఒకే చోటికి చేరుతున్నట్టు అనిపించింది. అది మీతో చెబుదామనే ఈ వ్యాసం.

ముందు ఇంగ్లండు సంగతే చూద్దాం. ఇక్కడ గుర్రపు దొంగతనానికి చాలాకాలం ఉరిశిక్ష ఉండేది. 1832లో గానీ దాన్ని తీసెయ్యలేదు. అయితే ఉరితాడు ఉన్నంత మాత్రాన దొంగతనం ఆగలేదు. గుర్రం తనంతట తను నడిచొచ్చే సొత్తు. రాత్రి ఎక్కి తెల్లారేసరికి పక్క జిల్లాలో అమ్మేసుకోవచ్చు. ఈ సంగతి గ్రహించిన పార్లమెంటు 1555లో ఒక చట్టం చేసింది. సంతలో గుర్రాలు అమ్మడానికి ఒక స్థలం కేటాయించాలి. సుంకం వసూలు చేసే మనిషి ఒక పుస్తకం పెట్టి, అమ్మినవాడి పేరు, కొన్నవాడి పేరు, గుర్రం రంగు, కనీసం ఒక ప్రత్యేకమైన గుర్తు రాసుకోవాలి. 1589లో ఇంకో చట్టం వచ్చి దాన్ని బిగించింది. అమ్మేవాడు సుంకపు మనిషికి తెలిసినవాడై ఉండాలి, లేదా నమ్మకమైన మనిషి ఎవరైనా అతని తరఫున పూచీ పడాలి. ఇన్ని జరిగాక కూడా అది దొంగసొత్తని తేలితే, అసలు యజమాని ఆరు నెలల్లోపు సాక్షులతో నిరూపించుకుని, కొన్నవాడు ఇచ్చిన డబ్బు తిరిగిచ్చి, తన గుర్రాన్ని తోలుకుపోవచ్చు.

తన గుర్రాన్ని తనే డబ్బిచ్చి తెచ్చుకోవడం మనకి విడ్డూరంగా తోస్తుంది. కానీ ఆ చట్టం చేసినవాళ్ళు ఒక సంగతి సరిగ్గా పట్టుకున్నారు. దొంగని పొలం దగ్గర కాపు కాసి పట్టుకోవడం కష్టం, దొంగసొత్తు చేతులు మారే సంతలో పట్టుకోవడం తేలిక.

ఇక్కడి పిల్లలకి కూడా తెలిసిన దొంగ డిక్ టర్పిన్. నల్లగుర్రమెక్కి దారి కాచి దోచుకున్న వీరుడిగా కథల్లో కనిపిస్తాడు. చరిత్రలో అతన్ని 1739 ఏప్రిల్ 7న యార్క్ నగరంలో ఉరితీసింది మాత్రం గుర్రాల దొంగతనానికి. జాన్ పామర్ అన్న మారుపేరుతో యార్క్‌షైర్‌లో గుర్రాల వ్యాపారిగా చలామణీ అవుతూ, ఒకరోజు వీధిలో ఎవరిదో పందెంకోడిని కాల్చి జైల్లో పడ్డాడు. జైలునుంచి సొంతవూళ్ళో ఉన్న బావగారికి ఉత్తరం రాశాడు. ఆ రోజుల్లో ఉత్తరం అందుకున్నవాళ్ళే తపాలా ఖర్చు కట్టుకోవాలి. బావగారు కట్టనన్నాడు. ఉత్తరం తిరిగి తపాలా కచేరీకి చేరింది. అక్కడ చిన్నప్పుడు టర్పిన్‌కి అక్షరాలు దిద్దించిన జేమ్స్ స్మిత్ ఆ చేతిరాత చూసి గుర్తుపట్టాడు. పామర్ కాస్తా టర్పిన్ అయిపోయాడు.

ఈ కథలో నాకు నచ్చిందేమిటంటే, చెరగని గుర్తు గుర్రం మీద కాకుండా దొంగ మీద దొరికింది. అది చేతిరాత. దాన్ని చదవగలిగిన ఒక్క మనిషి సరైన చోట ఉండబట్టి బయటపడింది.

ఇంతకీ గుర్రం ఒంటిమీదే రాయడం సంగతేమిటి? దీనికి మన దేశంలో పాత చరిత్రే ఉంది. అయితే మన రాజులు భయపడింది రాత్రిపూట వచ్చే దొంగకి కాదు, పట్టపగలు జీతం పుచ్చుకునే రౌతుకి. 1296 నుంచి 1316 దాకా ఢిల్లీని ఏలిన అల్లాఉద్దీన్ ఖిల్జీ సైన్యంలోని గుర్రాలకి వాత పెట్టించే పద్ధతి పెట్టాడు. దాన్ని దాగ్ అన్నారు. దాంతోపాటు రౌతు రూపురేఖలు రాసే హులియా అనే పట్టీ ఒకటి. ఈ రెండూ ఎందుకంటే, తనిఖీ రోజున ఒకే గుర్రాన్ని రెండుసార్లు తిప్పి చూపించడం, మంచి గుర్రం అమ్మేసుకుని బక్కదాన్ని నిలబెట్టడం, జీతం మాత్రం పూర్తిగా తీసుకోవడం మామూలైపోయింది. ఖిల్జీ తర్వాత సడలిన ఈ పద్ధతిని షేర్ షా, ఆయన తర్వాత అక్బరు మళ్ళీ బిగించారు.

అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో ఈ వాతల గురించి వివరంగా రాశాడు. మొదట ఒక అక్షరం తలకట్టు ఆకారం వేసేవారట. తర్వాత అడ్డంగా నిలువుగా రెండు గీతలు. ఆ తర్వాత నారి విప్పిన విల్లు ఆకారం. చివరికి ఇనుముతో అంకెలు పోతపోయించి వాటితో వేశారు, మోసాన్ని ఆపడానికి అంకెలే అన్నిటికన్నా మేలని తేలింది. ఇది చదివినప్పుడు నాకు మా ఊరి పోనీ వీపు గుర్తొచ్చింది. బొమ్మ అయితే ఇది ఫలానావారి గుర్రం అని మాత్రమే చెబుతుంది. అంకె అయితే ఫలానా గుర్రం అని చెబుతుంది, ఒకే గుర్రాన్ని రెండుసార్లు చూపించడం కుదరదు. అయినా మోసం చచ్చిపోలేదు. అదే కొలువులో ఉన్న బదాయూనీ, అమీర్లు తనిఖీకి అద్దె మనుషుల్ని, అరువు గుర్రాల్ని ఎలా తెచ్చేవారో కడుపుమంటతో రాశాడు. వాత ఉంది, పుస్తకం ఉంది, చూసేవాడు కళ్ళు మూసుకున్నాడు.

మన విజయనగరానికి వస్తే, అక్కడ గుర్రమంటే బంగారంతో సమానం. మంచి జాతి గుర్రాలు అరేబియా, పర్షియాల నుంచి ఓడల్లో రావాలి. 1530ల్లో అక్కడున్న పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాసిన వృత్తాంతంలో ఒక చిత్రమైన మాట ఉంది. సాళువ నరసింహరాయలు గుర్రాలని బతికున్నా చచ్చిపోయినా కొనేవాడట. సముద్రం మీద చచ్చిపోయిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదానికిచ్చినట్టే డబ్బిచ్చేవాడట. నష్టభయంతో వర్తకులు వేరే రేవుకి పోకుండా ఉండడానికి వేసిన ఎత్తు అనుకోవచ్చు.

అదే నూనిజ్ ఇంకోటి కూడా రాశాడు. రాయలు తన రౌతులకిచ్చే గుర్రాలకి రాజముద్ర వేయించేవాడు. గుర్రం చచ్చిపోతే, ఆ ముద్ర ఉన్న చర్మపు ముక్క కోసి తెచ్చి అశ్వాధికారికి చూపించాలి. అప్పుడే ఇంకో గుర్రం ఇస్తారు. ఆలోచించి చూడండి. ఒకచోట తోక, ఒకచోట చర్మపు ముక్క. గుర్రం పోయాక కూడా అది ఎవరిదో, ఏమైందో లెక్క చెప్పే కాగితాలన్నమాట.

ఇక సుళ్ళ సంగతి. మనకి అశ్వశాస్త్రాలలో సుళ్ళ మీద పెద్ద చర్చే ఉంది. తెలుగులో మనుమంచి భట్టు గుర్రాల మీద పద్యాలతో హయలక్షణవిలాసమని ఒక గ్రంథమే రాశాడు. ఏ సుడి ఎక్కడుంటే యజమానికి మేలు, ఎక్కడుంటే కీడు అని మనవాళ్ళు చూశారు. ఇంగ్లండులో ఈ రోజు గుర్రానికి పాస్‌పోర్టు రాసేటప్పుడు పశువైద్యులు కూడా ముందు వెతికేది సుళ్ళనే. గుర్రం బొమ్మ గీసి ఉన్న పేజీలో ప్రతి సుడి ఉన్న చోటా ఇంటూ గుర్తు వేస్తారు, తెల్లమచ్చలకి ఎర్రసిరాతో హద్దులు గీస్తారు. మనవాళ్ళు సుళ్ళలో యజమాని జాతకం చదివితే, వీళ్ళు గుర్రం వేలిముద్ర చదువుతున్నారు.

మాకు దగ్గర్లోనే న్యూ ఫారెస్ట్ ఉంది. 1079 ప్రాంతంలో విలియం రాజు వేటకోసం ఏర్పాటు చేసిన అడవి. అక్కడ పోనీలు రోడ్ల మీద కూడా విచ్చలవిడిగా తిరుగుతుంటాయి. చూసేవాళ్ళు అడవి గుర్రాలనుకుంటారు గానీ, ప్రతిదానికీ యజమాని ఉన్నాడు, ఒంటిమీద వాత ఉంది. ఏటా శరదృతువులో వాటిని తోలుకొచ్చి దొడ్లో పెట్టి, అజిస్టర్లు అనే కాపరి ఉద్యోగులు తోక వెంట్రుకలని ఒక తీరులో కత్తిరిస్తారు. ఒక్కో అజిస్టరుకి ఒక్కో తీరు. తోక చూడగానే ఇది ఎవరి పరిధిలోది, మేతకి కట్టాల్సిన రుసుం కట్టారా లేదా అన్నది దూరం నుంచే తెలిసిపోతుంది. వాత జీవితకాలపు గుర్తు, తోక ఆ ఏటి రసీదు. రసీదు ఏటా కొత్తగా ఇస్తారు కాబట్టి, ఏటా ఒక్కసారైనా ఆ పోనీని ఎవరో ఒకరు దగ్గరగా చూస్తారు.

ఎర్రగా కాల్చిన ఇనుముతో వాత పెడితే గుర్రానికి నొప్పి. 1966లో అమెరికాలో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన కీత్ ఫారెల్ అనే పశువైద్యుడు దానికి తలకిందులుగా ఆలోచించి చలివాత కనిపెట్టాడు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ముంచిన ముద్రని కొన్ని సెకన్లు ఒంటికి ఆనిస్తే, వెంట్రుకలకి రంగునిచ్చే కణాలు చచ్చిపోయి, తర్వాత ఆ చోట తెల్ల వెంట్రుకలు మొలుస్తాయి. తెల్లగా మారే గుర్రాలకి మాత్రం ముద్రని ఇంకాస్త ఎక్కువసేపు ఆనించి అసలు వెంట్రుకే మొలవకుండా చేస్తారు. అమెరికాలో ప్రభుత్వం పట్టిన అడవి గుర్రాల మెడ మీద ఫారెల్ రూపొందించిన కోణాల లిపిలో ఈ గుర్తే ఉంటుంది. మా అమ్మాయి తుడవబోయిన అక్షరాలూ ఇవే.

ఆ తర్వాత వచ్చింది మైక్రోచిప్. బియ్యపు గింజంత ఉంటుంది. మెడకి ఎడమపక్క, జూలు కింద లోపలున్న స్నాయువులోకి సూదితో ఎక్కిస్తారు. బ్యాటరీ ఉండదు. స్కానరు దగ్గర పెడితే 15 అంకెల సంఖ్య పలుకుతుంది. ఇంగ్లండులో 2009 తర్వాత పాస్‌పోర్టు పొందే గుర్రాలకీ, 2020 అక్టోబరు 1 నుంచి అన్ని గుర్రాలకీ అది తప్పనిసరి. ఎవరూ చెరపలేనంత గట్టి గుర్తు. దాని బలహీనతా అదే: బయటికి కనిపించదు. చలివాతని దొంగ టార్చిలైటు వెలుగులో చదివి వదిలేసి పోవచ్చు. చిప్ దొంగని ఆపదు, దొరికాక మాత్రమే మాట్లాడుతుంది. అదీ ఎవరైనా స్కానరు పెట్టి అడిగితేనే. 2013లో యూరప్ దుకాణాల్లో గొడ్డుమాంసమని అమ్మిన దాంట్లో గుర్రపుమాంసం బయటపడ్డప్పుడు, అప్పటికే గుర్రాలకి పాస్‌పోర్టులు ఉన్నాయి. కాగితాలు ఉన్నంత మాత్రాన వాటిని ఎవరో చదువుతున్నారని కాదు.

పోయిన నెల ఇవన్నీ ఆవిడకి చెప్పాను. చర్మపు ముక్క సంగతి విని పకపకా నవ్వింది. తర్వాత కాస్త మొహమాటంగా, "నాకు కంప్యూటరు పడదు. నా పోనీల చిప్పుల రికార్డు సరిగ్గా ఉందో లేదో నువ్వొకసారి చూసి పెడతావా?" అని అడిగింది. అక్కడే బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాం. ఆ గోధుమరంగు పోనీ సంఖ్య కొడితే ఆవిడ పేరు వచ్చింది, పాత ఇంటి ల్యాండ్‌లైను నంబరు వచ్చింది. ఆ లైను తీయించేసి రెండేళ్ళయిందట.

ఆవిడ చాలాసేపు తెరవైపే చూసింది. మెడలో చిప్ ఉంది, వీపు మీద చలివాత ఉంది. ఈ రెండేళ్ళలో ఎవరైనా దాన్ని ఎత్తుకుపోయి, ఏ సంతలోనో ఒక మంచిమనిషి స్కాన్ చేసి ఫోను చేసి ఉంటే, ఎత్తేవాళ్ళు లేని నంబరు మోగేది.

ఎనిమిదింటికీ నంబర్లు మార్చాం. ఆవిడ మొబైలు, దాని కింద రెండో నంబరుగా నాది. కొత్త నంబరుకి నా ఫోన్లోంచి చేసి చూశాను. ఆవిడ కోటు జేబులో మోగింది. బయట మా అమ్మాయి పోనీ నుదుటి మీది జూలు పైకెత్తి, సుళ్ళు ఎన్నున్నాయో లెక్కపెడుతోంది.