వేపమండ కట్టిన గుమ్మం

మా కోడుమూరు వైపు ఎండలు ముదిరాయంటే ఏదో ఒక ఇంటి గుమ్మానికి వేపమండలు కనిపిస్తాయి. "పాపకు అమ్మవారు పోసిందంట" అంటుంది పొరుగింటావిడ. ఆ ఇంట్లో తాళింపు వేయరు, పరాయివాళ్లను గడప తొక్కనివ్వరు. ఆటలమ్మ పది రోజులు ఆడుకుని, వేపనీళ్లు పోయించుకుని వెళ్లిపోతుంది. మనకదొక మామూలు సంగతి.

కానీ లుకేమియా, అంటే రక్తకాన్సర్, ఉన్న పసివాడికి ఆ చికెన్‌పాక్సే సోకితే ఒంటిమీద పొక్కులతో పోదు. ఊపిరితిత్తులకూ, కాలేయానికీ పాకి ప్రాణం మీదికి తెస్తుంది.

ఆ పసివాడి కథలో మన తెలుగాయన ఒకరున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పనిచేశారు. కణాలు పెరగడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. అచ్చు దానిలాగే ఉండి కణాన్ని మోసగించే అమినోప్టెరిన్‌ను ఆయన బృందం తయారుచేసింది. 1947 చివర్లో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని పిల్లలకిచ్చారు. 16 మందిలో 10 మందికి, కొన్నాళ్లపాటైనా, జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ ఫలితం అచ్చయిన 1948లోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను నేటికీ వాడుతున్నారు.

పిల్లలు బతకడం మొదలైంది. అయితే జబ్బును అణిచే మందులే ఒంట్లోని కాపలానూ అణుస్తాయి. కాన్సర్‌ను తట్టుకున్న బిడ్డ ఆటలమ్మకు లొంగిపోతే ఆ తల్లి గుండె ఏమవ్వాలి?

1964లో అమెరికాలో ఉన్న జపాన్ డాక్టర్ మిచియాకి తకాహాషి కొడుక్కి చికెన్‌పాక్స్ ముదిరింది. భార్యాభర్తలిద్దరూ రాత్రంతా జాగారం చేశారు. పిల్లవాడు కోలుకున్నాడు గానీ తండ్రి ఆ రాత్రిని మరచిపోలేదు. ఓకా అనే ఇంటిపేరుగల పిల్లవాడి పొక్కులోంచి తీసిన వైరస్‌ను నీరసపరిచి, 1974లో టీకాగా లోకానికి చూపించారు. తర్వాత జపాన్‌లోనూ, అమెరికాలోనూ జబ్బు అణిగివున్న లుకేమియా పిల్లలకు, వారం ముందూ వారం వెనుకా మందులు ఆపి, ఆ టీకా వేసి చూశారు. కొందరికి పొక్కులు వచ్చినా, చాలామందికి రక్షణ దొరికింది.

ఇప్పుడు మాత్రం మందులు నడుస్తుండగా సాధారణంగా ఈ టీకా వేయరు. చికిత్స ముగిసి కొన్ని నెలలయ్యాక డాక్టరు చూసి చెబుతారు. ఈలోగా టీకా వేయించాల్సింది ఆ బిడ్డ చుట్టూ తిరిగే అన్నదమ్ములకూ, అక్కచెల్లెళ్లకూ. ఎందుకంటే పొక్కు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందే ఇది అంటుకుంటుంది. అంటే మనం వేపమండ కట్టేసరికే ఆలస్యమైపోతుంది!

అందుకే, మీ ఇంట అమ్మవారు పోస్తే, మీ పిల్లలతో ఆడుకున్న పిల్లల్లో అలాంటి బిడ్డ ఉంటే, వాళ్లమ్మకు ఆ పూటే కబురు పంపండి. పొక్కులు రాకముందే డాక్టరు దగ్గరికి వెళ్తే ఇవ్వడానికి మందులున్నాయి. గడప దాటి ఎవరినీ రానివ్వకండి, కబురు మాత్రం దాటనివ్వండి.