నెల్లూరు ఆకుపచ్చ అభ్రకం: రంగును చూసి గనిని చెప్పవచ్చునా?

అభ్రకం వ్యాపారంలో చాలాకాలంగా ఒక మాట చెల్లుబాటులో ఉంది: బీహారు సరుకుది కెంపు ఛాయ, నెల్లూరు సరుకుది లేత ఆకుపచ్చ. స్థూలంగా ఇది నిజమే కావచ్చు. అయితే ఇందులో మూడు వేరువేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. ప్రాంతాన్ని బట్టి వచ్చే తేడా ఒకటి, ఒకే ప్రాంతంలో గనిని బట్టి వచ్చే తేడా ఒకటి, ఒకే గనిలో రాయి ఉన్న చోటును, లోతును బట్టి వచ్చే తేడా మరొకటి. మొదటిదానికి దొరికే ఆధారాన్నే తక్కిన రెండింటికీ వర్తింపజేస్తే, రేకును వెలుతురుకు ఎత్తిపట్టి ‘ఇది ఫలానా గనిది’ అని చెప్పడం సులువనిపిస్తుంది. ఆ నిర్ణయానికి నిజంగా ఎంత బలం ఉందో ఇక్కడ పరిశీలించవలసి ఉంది.

1. ముందుగా పేర్లు. తెలుగులో అభ్రకం, కాకిబంగారం, మైకా అనే మూడు మాటలూ వాడుకలో ఉన్నాయి. మూడింటిలో ఏదీ పుట్టిన చోటును సూచించదు. నెల్లూరులో ప్రధానంగా దొరికే రకానికి శాస్త్రంలో మస్కవైట్ అని పేరు. కిటికీలకు అద్దంగా వాడే రేకులు మాస్కో రాజ్యం నుంచి పడమటి ఐరోపాకు వెళ్లేవి గనుక ఆ పేరు వచ్చింది. ఫిరోజా రాయి సంగతీ ఇలాంటిదే. దానికి పేరుపడ్డ గనులు ఇరాన్‌లోని నిషాపూర్‌వి. తురుష్కుల దేశం మీదుగా చేరినందువల్ల ఐరోపా భాషల్లో అది ‘తురుష్క రాయి’ అయిందని సాధారణంగా చెప్పే వివరణ. రెండు చోట్లా సరుకు నడిచిన దారే రాయికి పేరయింది.

నెల్లూరు అభ్రకం విషయంలోనూ ఇదే జరిగినట్టు కనిపిస్తుంది. బీహారు సరుకు, అంటే కోడర్మా, హజారీబాగ్ గనులది, కలకత్తా రేవు మీదుగా వెళ్లి ‘బెంగాల్ రూబీ’ అనిపించుకున్నది. నెల్లూరుది మద్రాసు పేరు మీద చలామణి అయింది. 1912 వరకు ఆ ఉత్తరాది గనులు బెంగాల్ ప్రావిన్సులోనే ఉన్నాయి, నెల్లూరు మద్రాసు రాజధానిలో ఉన్నది. కాబట్టి ఈ పేర్లకు రేవు కారణమా, పరిపాలన కారణమా అన్నది విడదీసి చెప్పడం కష్టం. రెండూ కలిసి పనిచేసి ఉండవచ్చు. ఏదైనా, ఆ పేర్లలో గని ఊసు లేదన్నది మాత్రం స్పష్టం.

2. పాత రాతల్లోని ఊళ్ల పేర్లనూ, హద్దులనూ కూడా జాగ్రత్తగా చదవాలి. ఇంగ్లీషు గ్రంథాల్లో ‘ఇనికుర్తి’ అని కనిపించేది పొదలకూరు ప్రాంతపు ఇనుకుర్తిగా గుర్తించడం సమంజసం. హద్దుల విషయం ఇంకా చిక్కు. 2022 ఏప్రిల్ 4న అమలైన జిల్లాల పునర్విభజనలో గూడూరు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. అంతకు ముందరి రాతల్లో ‘నెల్లూరు అభ్రకం’ అంటే అందులో గూడూరు చుట్టుపక్కల సరుకు పెద్ద భాగం. జిల్లా పేరు మాత్రమే ఉన్న నమూనాను ఒక గనికి అంటగట్టే ముందు అది ఏ కాలపు రాతో చూడక తప్పదు.

3. ఇక నేల. టి. హెచ్. హాలండ్ 1902లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ తరఫున దేశపు అభ్రక నిక్షేపాలపై ఒక విస్తృత గ్రంథం వెలువరించాడు. నెల్లూరు గురించి తరువాత వచ్చిన చాలా వర్ణనలకు అదే ఆధారం. ఈ వర్ణనల ప్రకారం అభ్రకం దొరికే మేర తీరానికి లోపలగా, కొడవలి ఆకారంలో, సుమారు 60 మైళ్ల పొడవున ఉంటుంది. గూడూరు దగ్గర దాని వెడల్పు 8 నుంచి 10 మైళ్లు. దీన్ని గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి అని నాలుగు భాగాలుగా చెప్పడం ఆనవాయితీ. వీటిలో గూడూరుదే ప్రాధాన్యం. పొరలు పొరలుగా ఉండే షిస్టు శిలల్లోకి పెగ్మటైట్ అనే ముతక స్ఫటికాల శిల చొచ్చుకొచ్చి, పలుగురాయి, ఫెల్డ్‌స్పార్‌లతో పాటు అభ్రకాన్నీ తెచ్చింది.

ఇక్కడొక విషయాన్ని ప్రత్యేకంగా గమనించాలి. చుట్టూ ఉన్న షిస్టు అంతటా ఒకే రకం కాదు. కొన్నిచోట్ల అది అభ్రకపు షిస్టు, కొన్నిచోట్ల ఇనుము ఎక్కువగా ఉండే హార్న్‌బ్లెండ్ షిస్టు. మస్కవైట్‌లో ఆకుపచ్చ ఛాయకు ఇనుము ప్రధాన కారణమని ఖనిజ శాస్త్రం సాధారణంగా ఒప్పుకుంటుంది. కెంపు ఛాయను ఇనుము, మాంగనీసు, టైటానియంల పాళ్లతో ముడిపెడతారు. ఈ రెండు విషయాలనూ పక్కపక్కన పెడితే, గోడరాయి నుంచి ఇనుము అందడం వల్లనే నెల్లూరు అభ్రకం ఆకుపచ్చ అయిందనిపిస్తుంది. కానీ ఇది ఊహ స్థాయిని దాటాలంటే, హార్న్‌బ్లెండ్ షిస్టు మధ్య ఉన్న గనుల రేకులూ, అభ్రకపు షిస్టు మధ్య ఉన్న గనుల రేకులూ ఒకే మందంలో పోల్చి చూడాలి. మందం మాట ఊరికే అన్నది కాదు. పలచగా చీలిస్తే కెంపు రేకు కూడా దాదాపు రంగులేనిదిగా కనిపిస్తుంది. మందం చెప్పకుండా రంగు చెప్పిన వర్ణనను సాక్ష్యంగా తీసుకోవడం ప్రమాదకరం.

4. గనుల వారీగా లభించే సాక్ష్యంలో ఇనుకుర్తిది ప్రసిద్ధమైనది. అక్కడ ‘బుక్’ అని పిలిచే అభ్రకపు దిమ్మెలు అడ్డంగా 10 అడుగుల దాకా, పొరలకు లంబంగా 15 అడుగుల దాకా ఉన్నట్టు ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ల రాతల్లో కనిపిస్తుంది. ఈ రెండు అంకెలూ రెండు దిశల కొలతలు. వాటిని కలిపేసి ‘15 అడుగుల రేకు’ అని అర్థం చేసుకోవడం పొరపాటు. ఆ రాతల్లోనే, పగుళ్లూ మచ్చలూ లేని పలకలు 30 అంగుళాలకు 24 అంగుళాల కొలతలో అరుదుగా దొరికేవని కూడా ఉంది. లెక్క వేస్తే ఆ పలక 5 చదరపు అడుగులు. పది అడుగుల దిమ్మెను చదరంగా ఊహించుకుంటే దాని ముఖం 100 చదరపు అడుగులు. పలకలు ఆ దిమ్మెలోంచే వచ్చాయన్న పూచీ లేదు. అయినా, దిమ్మె పరిమాణానికీ పనికివచ్చే రేకు పరిమాణానికీ ఎంత దూరం ఉండవచ్చో దీన్ని బట్టి అంచనా వేయవచ్చు. ఇనుకుర్తి పెద్ద దిమ్మెలకు పేరు పొందిందంటే మేలైన రేకులకూ పేరు పొందిందని వెంటనే అనుకోకూడదు.

తెల్లబోడు, పల్లిమిట్ట అన్న గనుల పేర్లు వేరే రకం సాక్ష్యం. మిట్ట అంటే మెరక నేల. తెల్లబోడు అన్న పేరు తెల్లని పలుగురాయి తేలిన దిబ్బను బట్టి వచ్చి ఉండవచ్చు. అదే నిజమైతే, గని తవ్వడానికి ముందే ఊరివారి కళ్లు పెగ్మటైట్ ఆనవాలును గుర్తుపట్టినట్టు. స్థలనామాన్ని బట్టి ఇంతకు మించి చెప్పడం సాహసమే.

5. ఒకే గనిలో తేడాల సంగతి అన్నిటికంటే ముఖ్యమైనదని తోస్తుంది. పెగ్మటైట్‌లో సాధారణంగా నడుమ పలుగురాయి, దాని చుట్టూ ఫెల్డ్‌స్పార్ ఉంటాయి. అభ్రకం అంచు గోడల దగ్గర ఒకవిధంగా, పలుగు నడుము దగ్గర మరొకవిధంగా పెరుగుతుంది. నేలకు దగ్గరగా ఉన్నదానిలోకి వాననీరు ఇంకి ఇనుపమరక చేరుతుంది, రేకు మెత్తబడి పెళుసవుతుంది. మాగ్నటైట్ నల్లమచ్చలు, హెమటైట్ ఎర్రమచ్చలు పుట్టుకతో వచ్చినవి. నీటిమరక తరువాత చేరినది. ఈ రెండింటినీ వేరు చేయకుండా ‘మచ్చల గని’ అని ముద్ర వేయడం ఆ గనికి అన్యాయం.

లోతు ప్రాముఖ్యం కొత్తగా కనుక్కున్నది కాదు. 13వ శతాబ్దం ప్రాంతానిదిగా తరచు భావించే రసరత్నసముచ్చయం, ఔషధానికి పనికివచ్చే అభ్రకాన్ని గనిలో తగినంత లోతునుంచి తీయాలని చెబుతుంది. ఆ గ్రంథం అభ్రకాన్ని పినాకం, నాగం, మండూకం, వజ్రం అని నిప్పులో ప్రవర్తించే తీరును బట్టి విభజించింది. రేకులుగా విడిపోయేది, బుసకొట్టేది, ఎగిరేది, మార్పు లేకుండా నిలిచేది అని వాటి లక్షణాలు. రంగును బట్టి తెలుపు, ఎరుపు, పసుపు, నలుపు అని మరో విభజన ఉంది. ఈ నాలుగింటిలో ఆకుపచ్చ లేదు. లేత ఆకుపచ్చ రేకు పలచగా ఉన్నప్పుడు తెలుపులోకే చేరిపోయి ఉండవచ్చునన్నది ఒక సాధ్యత. ఆ గ్రంథకర్త చూసిన గనులు వేరే రకపువన్నది మరొకటి. మొదటిది కొంత సహజంగా తోస్తున్నా, రెండోదాన్ని కొట్టివేయడానికి ఆధారం చాలదు.

6. కంటితో చేసే వర్గీకరణకు ఉన్న పరిమితి రెండో ప్రపంచ యుద్ధకాలంలో బయటపడింది. రేడియో పరికరాల కెపాసిటర్లకు మేలిరకపు అభ్రకం కొరత ఏర్పడినప్పుడు, అమెరికాలోని బెల్ టెలిఫోన్ లేబొరేటరీస్ రేకుల నాణ్యతను విద్యుత్తుతో పరీక్షించే పద్ధతి రూపొందించింది. మచ్చలున్నాయని పక్కన పెట్టిన రేకుల్లో చాలా భాగం ఆ పరీక్షలో నెగ్గింది. కెంపు మేలు, ఆకుపచ్చ తక్కువ అన్న పాత ధరల అంతరం పూర్తిగా నిరాధారమని దీనివల్ల తేలదు. కానీ ఆ అంతరాన్ని రంగు ఒక్కటే సమర్థించలేదని చెప్పడానికి ఇది గట్టి సాక్ష్యం. నెల్లూరులోనూ కొన్ని గనుల్లో కెంపు ఛాయ రేకులు వచ్చినట్టు కొన్ని వర్ణనలు చెబుతున్నాయి. అవి సరైనవైతే, రంగు ఒక జిల్లాను కూడా నమ్మకంగా చూపలేదు. ఇక గనిని ఎలా చూపుతుంది?

7. అలాగని గనిని గుర్తుపట్టే దారే లేదనడం కూడా తొందరపాటు. తోడుగా దొరికే ఖనిజాలు రంగుకంటే నమ్మదగిన గుర్తులు కావచ్చు. గూడూరు మేరలోని గ్రిద్దలూరు దగ్గరి శంకర గనిలో సమర్‌స్కైట్ దొరికింది. నియోబియం, యురేనియం, అరుదైన మృత్తికా మూలకాలు గల నల్లని బరువైన ఖనిజమిది. ఇలాంటి రేడియోధార్మిక ఖనిజపు రేణువు అభ్రకంలో చిక్కుకుంటే చుట్టూ చిన్న చీకటి వలయం ఏర్పడుతుంది. వలయం ఉన్న ప్రతి రేకూ శంకర గనిదేనని చెప్పలేం, కానీ వెతకవలసిన గనుల సంఖ్య తగ్గుతుంది.

శంకర గని నుంచి మరొక విషయం కూడా తెలుస్తుంది. అక్కడి సమర్‌స్కైట్ అరుదైనది గనుక ఖనిజ శాస్త్ర గ్రంథాల్లోకి గని పేరుతో సహా ఎక్కింది. అదే గుంటలోంచి, బహుశా అదే రోజున, అదే తట్టలో పైకి వచ్చిన అభ్రకం మాత్రం రంగును, కొలతను బట్టి ఏరివేతలో విడిపోయి, పక్క గనుల రేకులతో కలిసి, మద్రాసు పేరుతో ఓడ ఎక్కి ఉండాలి.