పట్వారీ దస్తరం నుంచి భూభారతి దాకా

ప్రభుత్వ సేవలు కంప్యూటర్‌లోకి వస్తే తిరుగుడు పోతుంది, లంచం పోతుంది అని పాలకులు పాతికేళ్లకు పైగా చెబుతూనే ఉన్నారు. మేము అడిగేది ఒక్కటే: కంప్యూటర్‌లోకి ఎవరు రాసిన రికార్డు ఎక్కింది?

2020 అక్టోబరు 29న ముఖ్యమంత్రి కేసీఆర్ ధరణి పోర్టల్‌ను శామీర్‌పేట పక్కనున్న మూడుచింతలపల్లిలో ప్రారంభించారు. పట్టా సాఫుగా ఉన్నవారికి రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే రోజు అయ్యాయి. ఇది కాదనలేం. పట్టా సాఫుగా లేనోళ్ల సంగతేమిటి?

నిజాం కాలం నుంచి ఊరి భూమి లెక్క పట్వారీ దస్తరంలో ఉండేది. ఊరి హద్దులు ఎరిగిన సేత్‌సింధీ, నీరడి ఎక్కువగా మాల, మాదిగలే. హద్దు చూపినోడు ఒకడు, రాసినోడు ఇంకొకడు. 1980లలో పట్వారీ వ్యవస్థ రద్దయింది గానీ, ఆ రాతలే తర్వాతి రికార్డులకు పునాది అయ్యాయి.

దళితుల చేతికి భూమి ముఖ్యంగా మూడు తొవ్వల వచ్చింది: సేవకిచ్చిన ఇనాం, సర్కారిచ్చిన లావుణి పట్టా, తెల్లకాగితం మీద కొన్న సాదాబైనామా. మూడింటికీ కాగితం బలం తక్కువ, సాగు బలం ఎక్కువ. పహాణీలోని అనుభవదారు కాలమే వాటికి ఆసరా. ధరణిలో ఆ కాలమే లేదు. 2017లో మొదలైన రికార్డుల ప్రక్షాళనలో వివాదమున్న భూములు ‘పార్ట్ బి’లో పడ్డాయి. 2020 చట్టం రెవెన్యూ కోర్టులను తీసేసింది. సాదాబైనామాల క్రమబద్ధీకరణకు అందులో సెక్షనే లేదు. తప్పు దిద్దించుకోవాలంటే కలెక్టర్ దాకా పోవాలె, లేకుంటే సివిల్ కోర్టుకు. ఔటర్ రింగు రోడ్డు వచ్చాక మేడ్చల్, శామీర్‌పేటల్లో గుంట జాగాకూ ధర పెరిగింది. అలాంటి చోట రికార్డులో పేరు తప్పితే కూలికి పోయే మనిషి కోర్టు ఖర్చు ఎక్కడ తేవాలె?

2025 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి నాడు, ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. అప్పీళ్లు తిరిగొచ్చాయి, పెండింగు సాదాబైనామాలకు దారి దొరికింది. మంచిదే.

నిపుణులు ఈ-పాలనను వేగంతో, లావాదేవీల సంఖ్యతో కొలుస్తారు. మేము మూడు ప్రశ్నలతో కొలుస్తాం. దున్నేవాని పేరు రికార్డులో కనిపిస్తుందా? తప్పును మండలంలోనే, ఖర్చు లేకుండా దిద్దించుకోవచ్చా? దరఖాస్తు కొట్టేస్తే కారణం తెలుగులో రాసిస్తారా?

విద్యార్థులు, కార్యకర్తలు ఒక పని పెట్టుకోవాలె. 1954-55 ఖాస్రా పహాణీ నకలు తీసి, మన వాడల సర్వే నంబర్లను నేటి రికార్డుతో పక్కపక్కన పెట్టి చూడాలె. ఎక్కడ ఎవరి పేరు పోయిందో గ్రామసభలో చదివి వినిపించాలె.