ఆడవేషం: నేరం, కళ, కామెడీ

"హిజ్రాల హల్‌చల్". తెలుగు వార్తా చానళ్లలో తెర అడుగున పరిగెత్తే ఎర్రపట్టీ మీద ఈ రెండు మాటలు ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. హల్‌చల్ కాకపోతే వీరంగం, అదీ కాకపోతే ఆగడాలు. సిగ్నల్ దగ్గర చప్పట్లు, ఎవరితోనో గొడవ, ఊగిపోయే కెమెరా, వెనకాల భయపెట్టే సంగీతం. ఈ వార్తల్లో నన్ను ముందుగా పట్టుకున్నది బొమ్మలు కాదు, వ్యాకరణం. ఎప్పుడూ బహువచనమే. ఒక మనిషి, ఆ మనిషికో పేరు, వయసు, ఊరు ఉండవు. గుంపే ఉంటుంది. బహువచనంలో ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఏకవచనంలో చెప్పాల్సొస్తే 'వచ్చాడు' అనాలా, 'వచ్చింది' అనాలా అని వార్త చదివే అమ్మాయి ఒక్క క్షణమైనా ఆగాలి. 'వచ్చారు' అంటే ఆ క్షణం తప్పిపోతుంది.

నిజానికి మన భాషలో ఆ చిక్కు ఆడవాళ్లందరికీ ఉన్నదే. మగవాడు మహత్తు. ఆడది ఏకవచనంలో ఆవుతోటీ, చెట్టుతోటీ కలిసి 'వచ్చింది'. నలుగురు కలిస్తేనే 'వచ్చారు' అనే మర్యాద దక్కుతుంది. హిజ్రాని అవమానించాలనుకున్నవాడికి తెలుగు రెండు దారులిచ్చింది: 'వాడు' అనొచ్చు, 'అది' అనొచ్చు. రెండోది మనల్నీ తాకుతుందని అనేవాడికి తోచదు. మనకి తోచాలి కదా.

ఈ వ్యాసం టీవీ గురించి రాద్దామని మొదలుపెట్టాను. రాస్తూ రాస్తూ నూరేళ్లు వెనక్కి పోవాల్సొచ్చింది. ఎందుకంటే సిగ్నల్ దగ్గర నిలబడ్డ మనిషిని పోలీసు కేసులాగా చూసే ఆ చూపు కెమెరాతో పుట్టింది కాదు. దానికి చట్టపుస్తకంలో ఒక చిరునామా ఉంది.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. కొన్ని సంచార కులాలని పుట్టుకతోనే నేరస్థులుగా ముద్ర వేసిన చట్టంగా అది మనందరికీ తెలుసు. దానికి రెండో భాగం ఒకటుందని చాలామంది గుర్తుపెట్టుకోరు. ఆ భాగం హిజ్రాల గురించి. వాళ్ల పేర్లు రిజిస్టర్లో రాయాలి, ఆస్తుల లెక్క తీసుకోవాలి. అలా నమోదైనవాళ్లు ఆడబట్టలతో వీధిలో కనిపిస్తే, ఆడితే, వాయిస్తే అరెస్టు. వీలునామా రాసే హక్కు లేదు, దత్తత తీసుకునే హక్కు లేదు, మైనరుకి సంరక్షకులుగా ఉండే హక్కు లేదు. గురువు నుంచి చేలాకి సాగే వాళ్ల కుటుంబ వ్యవస్థ నడుం విరవడానికే ఈ నిషేధాలన్నీ. జెసికా హించీ అనే చరిత్రకారిణి 2019లో అచ్చయిన తన పుస్తకంలో, ఆనాటి అధికారులు ఈ మనుషులు క్రమంగా అంతరించిపోవాలనే కోరుకున్నారని వాళ్ల ఫైళ్లలోంచే చూపిస్తుంది.

ఆ చట్టం ఉత్తరాది సంగతిలే అనుకుంటాం. 1329 ఫసలీలో, అంటే 1919 ప్రాంతంలో, నిజాం ప్రభుత్వం హైదరాబాదు నగరం కోసం అలాంటిదే ఒక చట్టం చేసింది. మగపిల్లల్ని ఎత్తుకుపోతారన్న, నపుంసకుల్ని చేస్తారన్న, 'ప్రకృతి విరుద్ధ' నేరాలు చేస్తారన్న అనుమానం ఉంటే చాలు, పేరు రిజిస్టర్లోకి ఎక్కుతుంది. నేరం రుజువు కానక్కర్లేదు. ఎవరు హిజ్రానో ఎలా తేలుస్తారు? తానే ఒప్పుకోవాలి, లేదా వైద్యపరీక్షలో తేలాలి. రిజిస్టరైన మనిషి ఆడబట్టలు కట్టి, నగలు పెట్టుకుని వీధిలో కనిపించినా, వీధిలోకి కనపడాలనే ఉద్దేశంతో ఇంకెక్కడున్నా, బహిరంగంగా ఆడినా, వాయించినా, వినోద కార్యక్రమంలో పాల్గొన్నా, వారంటు లేకుండా పట్టుకోవచ్చు. శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

"వీధిలోకి కనపడాలనే ఉద్దేశంతో". ఈ ముక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఒక మనిషి తన ఇంటి కిటికీలో చీర కట్టుకుని నిలబడటం కూడా అనుమానానికి తావిచ్చే పనే! మన అమ్మమ్మలకి కిటికీ దగ్గర నిలబడొద్దని చెప్పింది ఇంటి పెద్దలు. ఇక్కడ ఆ మాట సర్కారు చెప్పింది.

ఇప్పుడు కాస్త కోస్తా వైపు చూద్దాం. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం వెయ్యాలి. చంద్రమతి వేషధారి రాలేదు. ఆ లోటు తీర్చడానికి ఒక కుర్రాడికి చీర కట్టారు. అతను స్థానం నరసింహారావు. ఆ తర్వాత దశాబ్దాల పాటు సత్యభామ అంటే ఆయనే, రోషనార అంటే ఆయనే. ఆయన చీరకట్టు చూసి ఆడవాళ్లు నేర్చుకునేవారని పెద్దవాళ్లు చెప్పుకునేవారు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. 'నటస్థానం' పేరుతో తన అనుభవాలు రాసుకున్నారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మగారిదీ అదే కీర్తి. ఆయనకీ పద్మశ్రీ వచ్చింది. దూరదర్శన్‌లో ఆయన భామాకలాపం వచ్చినప్పుడు మా ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగినా మా అమ్మ కదిలేది కాదు. "మనకి కూడా రావే ఆ హొయలు" అని మురిసిపోయేది. మా అమ్మ మురిపెంలో అబద్ధం లేదు. వాళ్ల విద్య నిజంగా గొప్పది, ఎగతాళి చెయ్యడానికి నేనిది రాయడం లేదు.

బాపట్ల మద్రాసు రాజధానిలోది, చట్టమేమో నిజాం రాజ్యానిది, ఈ రెంటికీ ముడేమిటని అడగొచ్చు. 1956 నవంబరు 1న ముడిపడింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కూడా ఆ ఫసలీ చట్టం పోలేదు. తర్వాత 'ఆంధ్రప్రదేశ్ (తెలంగాణ ప్రాంత)' అనే తోక తగిలించుకుని నిక్షేపంగా బతికింది. నేరస్థ జాతుల చట్టం 1952లో రద్దయింది గానీ దీన్ని ఎవరూ తాకలేదు. అంటే 1961లో రవీంద్రభారతి తెరిచాక, అదే హైదరాబాదులో లోపల వేదిక మీద చీర కట్టిన మగవాడికి శాలువా, బయట వీధిలో చీర కట్టిన హిజ్రాకి చట్టప్రకారం జైలు. వేషం తీసేసి పంచె కట్టుకుని ఇంటికెళ్లేవాడికి బిరుదు, ఇది వేషం కాదు నేనే అన్నవాళ్లకి రిజిస్టరు.

ఈ లెక్కలో ఇంకొకరు కూడా ఉన్నారు. భామాకలాపం ఆడే హక్కు వంశపారంపర్యంగా బ్రాహ్మణ పురుషుల చేతిలో నిలిచి గౌరవం పొందుతున్న కాలంలోనే, అదే భామ వేషం కట్టే కలావంతుల స్త్రీలకి వేదిక లేకుండా పోయింది. 1947 మద్రాసు దేవదాసీ చట్టం వచ్చాక వాళ్ల ఆటకే అవినీతి ముద్ర పడింది. కూచిపూడిలో ఆడవేషం మీద 2019లో పుస్తకం రాసిన హర్షిత మృత్తింటి కామత్, ఆ వేషంలో నిజంగా నిలబడేది బ్రాహ్మణ పురుషత్వమే అని వాదిస్తుంది. నాకు ఆ మాట సబబుగానే తోస్తుంది. 'ఇంత అందంగా ఉన్నది ఆడదైతే కులట, హిజ్రా అయితే నేరస్థురాలు, మగవాడైతే కళాకారుడు' అనే లెక్క మన సమాజం ఎంత నెమ్మదిగా, ఎంత సంస్కారవంతంగా నేర్చుకుందో! సురభి సమాజాల్లో ఆడవాళ్లు 19వ శతాబ్దం చివరి నుంచే వేదిక ఎక్కారన్న సంగతి గుర్తుంచుకుంటే, ఆడవాళ్లు దొరక్క మగవాళ్లు వేశారు అనే సమాధానం కూడా పూర్తిగా నిలవదు.

టీవీ వచ్చింది. సినిమా ముందే ఉంది. 'చిత్రం భళారే విచిత్రం' లాంటి సినిమాలు టీవీలో ఎన్నిసార్లు వేసినా ఇంటిల్లిపాదీ నవ్వుతూ చూశాం. వాటిలో వేషానికి ఒక అవసరం ఉంటుంది, అద్దెకి ఇల్లో మరోటో దొరకాలి, చివర్లో మీసం తిరిగొస్తుంది. 2013లో ఈటీవీలో 'జబర్దస్త్' మొదలయ్యాక ఈ అవసరం కూడా పోయింది. 'లేడీ గెటప్' ఒక ఉద్యోగం అయింది. ఆ స్కిట్లలో చీర కట్టిన మగవాడు దాదాపు ఎప్పుడూ పెళ్లామే. తిట్టించుకోడానికీ, ఆకారం మీద మాట పడటానికీ ఉన్న పెళ్లాం. నిజంగా ఆడమనిషిని నిలబెట్టి ఆ మాటలంటే చూసేవాళ్లు ఇబ్బంది పడతారేమో. మగవాడే కాబట్టి నవ్వొచ్చు. ఒకే చీరలో రెండు వెక్కిరింతలు సరిపోయాయి, భార్య మీద ఒకటి, హిజ్రా మీద ఒకటి.

అయితే చరిత్ర అంత తిన్నగా నడవదు. ఆ గెటప్ వేసినవాళ్లలో ఒకరు నేను వేషం వెయ్యడం లేదు, నేను స్త్రీనే అన్నారు. ప్రియాంకా సింగ్‌గా 2021లో బిగ్‌బాస్ అయిదో సీజన్లో తెలుగు ఇళ్లలోకి రోజూ వచ్చారు. అంతకు ముందు 2019లో మూడో సీజన్లో తమన్నా సింహాద్రి వచ్చారు. బిగ్‌బాస్ మీద నాకు గొప్ప గౌరవమేమీ లేదు. మనుషుల్ని ఒక ఇంట్లో పెట్టి కొట్లాడించి అమ్ముకునే సరుకు అది. కానీ ఒక ట్రాన్స్ స్త్రీ పేరుతో, ఏకవచనంలో, వంట చేస్తూ, అలుగుతూ, ఏడుస్తూ వారాల తరబడి కనిపించడం ఎర్రపట్టీలో ఎన్నడూ జరగని పని. ఈ వరసలో తమిళులు మనకంటే ముందున్నారు. 2008లోనే విజయ్ టీవీలో రోజ్ వెంకటేశన్ తన పేరుతో కార్యక్రమం నడిపారు. 2014 ఆగస్టు 15న కోయంబత్తూరులో పద్మిని ప్రకాశ్ వార్తలు చదివారు. అతిథిగా పిలవడం వేరు, మైకు చేతికివ్వడం వేరు.

మైకు ఎవరి చేతిలో ఉందన్నది ఎంత ప్రమాదకరమో మన నగరమే చూపించింది. 2009లో ఢిల్లీ హైకోర్టు 377 సెక్షను మీద తీర్పిచ్చింది. 2011 ఫిబ్రవరిలో టీవీ9, హైదరాబాదులో స్వలింగ సంపర్కుల సంస్కృతి పెచ్చరిల్లిపోతోందంటూ ఒక కథనం ప్రసారం చేసింది. పరిచయాల వెబ్‌సైట్ల నుంచి మనుషుల వివరాలు తీసి, మభ్యపెట్టి ఫోన్లో మాట్లాడించి, ఆ మాటలూ ముఖాలూ జనం ముందు పెట్టింది. ఫిర్యాదులు వెళ్లాక వార్తా ప్రసారాల ప్రమాణాల సంస్థ మార్చిలో లక్ష రూపాయల జరిమానా వేసి, క్షమాపణ ప్రసారం చెయ్యమంది. లక్ష రూపాయలు! చానల్‌కి అదెంత? ముఖం బయటపడ్డ మనిషికి ఆ ఉదయం ఇంట్లో కాఫీ ఇచ్చిన చెయ్యి సాయంత్రానికి ఏమైందో ఊహించుకోండి. రిజిస్టరు అంటే తోలు అట్ట పుస్తకమే కానక్కర్లేదు.

2011 జనాభా లెక్కల్లో 'ఇతరులు' అని రాయించుకున్నవాళ్లు దేశమంతా 4,87,803 మంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769. రాయించుకోనివాళ్లని ఎవరు లెక్కపెట్టారు? 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా కేసులో, తన జెండర్ ఏమిటో చెప్పుకునే హక్కు ఆ మనిషిదే అంది. అదే ఏడాది రేవతి జీవితకథ పి.సత్యవతిగారి తెలుగులో 'ఒక హిజ్రా ఆత్మకథ'గా వచ్చింది. దానికి సత్యవతిగారికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం వచ్చింది. తెలుగులో స్త్రీల ఆత్మకథలకి ఒక వరస ఉంది. ఆ వరసలో ఈ పుస్తకాన్ని పెట్టి చదివితే ఇల్లు వదలడం, దెబ్బలు తినడం, పోలీసు స్టేషన్లో నలిగిపోవడం, వంటిల్లే దిక్కవడం, ఏదీ మనకి పరాయిది కాదు. జీవించడానికి పేరు మార్చుకోవాల్సి రావడం కూడా. ఎంతమంది తెలుగు రచయిత్రులు అందుకోసమే కలంపేర్లు పెట్టుకోలేదు! రేవతిని మన పుస్తకాల బీరువాలో ఏ అరలో పెడుతున్నామన్నది నాకు చిన్న ప్రశ్నగా తోచదు. 'సామాజిక సమస్యలు' అరలో పెట్టిన మిత్రురాలితో నేను పోట్లాడాను కూడా.

ఫసలీ చట్టం కథకి వస్తే, తెలంగాణ రాష్ట్రం ఏర్పడినప్పుడు అదీ ఆస్తిపాస్తుల్లో వాటాలాగా వచ్చింది. 2018లో వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు హైదరాబాదులో హైకోర్టుకి వెళ్లారు. కోర్టు ఆ ఏడాదే దాని అమలు ఆపింది. 2023 జూలైలో ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, జస్టిస్ సి.వి.భాస్కర్‌రెడ్డి ధర్మాసనం అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. నూట నాలుగేళ్లు! ఆ రోజు రాత్రి నేను నాలుగు చానళ్లు తిప్పాను. ఎక్కడైనా చర్చ పెట్టారేమో అని. నాకు కనిపించలేదు. సిగ్నల్ దగ్గర గొడవకి పట్టే గంటసేపు ఈ వార్తకి పట్టలేదు.

చట్టం పోతే చూపు పోతుందా అంటే, నాకు 2019లో పార్లమెంటు చేసిన చట్టమే గుర్తొస్తుంది. హక్కుల రక్షణ అని పేరు పెట్టారు. అందులో గుర్తింపు పత్రం కోసం జిల్లా మేజిస్ట్రేటుకి దరఖాస్తు పెట్టాలన్నారు. ఆపరేషన్ చేయించుకుని ఆడ అనో మగ అనో మార్పించుకోవాలంటే ఆస్పత్రి అధికారి పత్రం కావాలన్నారు. 1919లో వైద్యపరీక్ష నేరస్థుణ్ణి తేల్చడానికి, 2019లో హక్కుదారుని తేల్చడానికి. బల్ల మీద పడుకోబెట్టడం మాత్రం మారలేదు. ఇంకోటి చూడండి. నిజాం చట్టంలో ఆడబట్టలతో కనిపించినందుకు గరిష్ఠ శిక్ష రెండేళ్లు. 2019 చట్టంలో ట్రాన్స్‌జెండర్ మనిషి మీద లైంగిక అత్యాచారం చేసినవాడికి గరిష్ఠ శిక్ష రెండేళ్లు. అప్పటికే స్త్రీ మీద అత్యాచారానికి కనీస శిక్ష పదేళ్లు చేసి ఉన్నారు. ఈ బిల్లు మీద దేశమంతా ట్రాన్స్ మనుషులు రోడ్డెక్కినప్పుడు వాళ్లు ఎత్తి చూపినవాటిలో ఈ తేడా ముఖ్యమైనది. అత్యాచార చట్టాల కోసం మధుర కేసు నుంచి కొట్లాడుతూ వచ్చిన మనకి ఇది వేరే ఎవరి పోరాటమో అనిపించకూడదు.

2023 తీర్పులో కొట్టివేతతో పాటు ఇంకా కొన్ని ఆదేశాలున్నాయి. ఉద్యోగాల్లో, చదువుల్లో రిజర్వేషన్లు కల్పించమంది. వృద్ధులకీ, వితంతువులకీ, ఒంటరి స్త్రీలకీ ఇచ్చే ఆసరా పింఛను వీళ్లకీ ఇమ్మంది. 2024 డిసెంబరులో హైదరాబాదు ట్రాఫిక్ పోలీసులు 39 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల్ని ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. అవే సిగ్నళ్ల దగ్గర, ఈసారి యూనిఫారంతో, బండ్లు ఆపుతూ.