ఐర్లాండు వివాహ సంప్రదాయాలు

ఐర్లాండు వివాహ సంప్రదాయాలు అనగా ఐర్లాండు ద్వీపంలోను, అక్కడి నుండి అమెరికా, ఆస్ట్రేలియా, బ్రిటన్ వంటి దేశాలకు వలస వెళ్ళిన కుటుంబాలలోను పెళ్ళి సందర్భంగా పాటించే ఆచారాలు. వీటిలో కొన్ని పల్లె జీవనం నుండి, కొన్ని కాథలిక్ మతాచారాల నుండి వచ్చినవి. అతి ప్రాచీనమైనవిగా ప్రచారంలో ఉన్న మరికొన్ని ఇటీవలి కాలంలో పునరుద్ధరింపబడినవి.

క్లాడా ఉంగరం

గాల్వే నగరం పక్కన ఉన్న క్లాడా అనే జాలరి పల్లె పేరు మీద ఈ ఉంగరానికి ఆ పేరు వచ్చింది. దీనిలో రెండు చేతులు కిరీటం ధరించిన హృదయాన్ని పట్టుకొని ఉంటాయి. చేతులు స్నేహానికి, హృదయం ప్రేమకు, కిరీటం విధేయతకు చిహ్నాలు. వివాహితులు దీనిని ఎడమ చేతికి, హృదయం కొన తమవైపు ఉండేట్లుగా ధరిస్తారు. సముద్రపు దొంగలకు చిక్కి, బానిసగా అల్జీర్సులో స్వర్ణకార వృత్తి నేర్చి తిరిగివచ్చిన రిచర్డ్ జాయిస్ దీనిని రూపొందించాడని ఒక కథ ఉంది. క్లాడాలోని పాత పూరిళ్ళను 1930లలో తొలగించారు. ఊరి రూపు మారినా దాని పేరు ఉంగరంలో నిలిచి ఉంది.

చేతులు ముడివేయడం

వధూవరుల చేతులను రిబ్బనుతో గాని, తాడుతో గాని కలిపి కట్టే ఆచారమిది. మీత్ కౌంటీలోని టెల్‌టౌన్‌లో పూర్వం జంటలు ఏడాది గడువుతో పెళ్ళాడేవారనే జనశ్రుతి 19వ శతాబ్దంలో నమోదైనది. అయితే నేడు కనిపించే తంతు చాలావరకు 20వ శతాబ్దపు పునరుద్ధరణ. ఐర్లాండు గణతంత్రంలో ముడి వేసినంత మాత్రాన వివాహం చట్టబద్ధం కాదు. మూడు నెలల ముందుగా నోటీసు ఇచ్చి, నమోదైన వివాహ నిర్వాహకుని ఎదుట, ఇద్దరు సాక్షుల సమక్షంలో ప్రమాణం చేయవలసి ఉంటుంది.

లేసు

మొనాహన్ కౌంటీలోని కారిక్‌మాక్రాస్ లేసు, లిమరిక్ లేసు పెళ్ళి ముసుగులకు ప్రసిద్ధి చెందినవి. 1845లో మొదలైన మహాక్షామ కాలంలో క్రోషే లేసు అల్లిక ఎన్నో పేద కుటుంబాల స్త్రీలకు జీవనాధారమైనది. అమ్మమ్మల నాటి లేసు ముక్కను వధువు దుస్తులకు కుట్టడంలో వారి శ్రమను స్మరించుకొనడం కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోని నర్సాపురం లేసు అల్లిక కూడా 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా మొదలైనదే.

గ్రామీణ ఆచారాలు

ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలలో పెళ్ళిళ్ళు జరిపేవారు కాదు. అందువలన ఆ దినాలు ప్రారంభమయ్యే ముందురోజైన మంగళవారం నాడు పల్లెలలో పెళ్ళిళ్ళు అధికంగా జరిగేవి. పశ్చిమ ప్రాంతాలలో గడ్డితో అల్లిన ముసుగులు ధరించిన యువకులు పిలవని పేరంటంగా విందుకు వచ్చి, వధువుతో నాట్యం చేసి వెళ్ళేవారు. వారి రాక శుభమని నమ్మేవారు. పెళ్ళినాడు వాన రాకూడదని ముందురోజు రాత్రి ప్రాగ్ బాలయేసు ప్రతిమను ఆరుబయట ఉంచే అలవాటు నేటికీ ఉంది.

నేటి వివాహాలలో

పచ్చరంగు అలంకరణలు, మూడాకుల షామ్‌రాక్ బొమ్మలు, హాస్యపు టోపీలు వంటివి పర్యాటక దుకాణాల వలన వ్యాపించినవే గాని పెళ్ళి ఆచారాలు కావు. అన్నిటినీ ఒకేచోట చేర్చితే తంతు ప్రదర్శనగా మారుతుంది. వధూవరుల కుటుంబాలకు సంబంధమున్న ఒకటి రెండు ఆచారాలను ఎంచుకొని, వాటి అర్థాన్ని అతిథులకు క్లుప్తంగా వివరించడం సముచితం. ఐరిష్ మూలాలు లేని కుటుంబాలు కూడా ఈ విధంగా వాటిని గౌరవంగా పాటించవచ్చు.