టీకా నిర్బంధశాసనములు: ఉత్సర్గాపవాద విచారము

వ్యాకరణమున సామాన్యవిధికి ఉత్సర్గమనియు, దానిని బాధించు విశేషవిధికి నపవాదమనియుఁ బేళ్లు. అపవాదమునకు విషయమైన చోటు విడిచి తక్కినచోట్లనే యుత్సర్గము ప్రవర్తించునని మన పెద్దల నిర్ణయము. ఉత్సర్గమును జదివి యపవాదమును మఱచిన విద్యార్థి యపశబ్దములను సాధించును. న్యాయస్థానముల తీర్పులను జదువునపుడును నీ క్రమము తప్పిన ననర్థమే కలుగునని నాకుఁ దోఁచుచున్నది. వ్యాధి ప్రబలినపుడు టీకా వేయించుకొమ్మని ప్రభుత్వము నిర్బంధించినచో, పౌరుని శరీరస్వాతంత్ర్యమును న్యాయస్థానములును శాసనసభలును జాలినంతగాఁ గాపాడినవా యనునది యిచట విచార్యాంశము. నేను టీకాకు విరోధిని గాను. మశూచి భూమండలమునుండి తొలఁగెనని 1980లోఁ బ్రకటింపఁబడుట టీకా మహిమయే. సందేహము మందును గూర్చి కాదు, నిర్బంధమును గూర్చి.

అమెరికాదేశమున మసాచుసెట్సు రాష్ట్రమందు కేంబ్రిడ్జి యను నగరము కలదు. అచట మశూచి వ్యాపించుచుండఁగా 1902 ఫిబ్రవరి 27వ తేదీని ఆరోగ్యసంఘమువారు, ఇటీవలి యైదేండ్లలో టీకా వేయించుకొననివారెల్లరును మరల వేయించుకొనవలయునని యాజ్ఞాపించిరి. ఇరువదియొక్క యేండ్లు నిండినవారు నిరాకరించినచో నైదు డాలర్లు దండుగ. హెన్నింగు జేకబ్సను అనునతఁడు స్వీడనున జనించిన లూథరుమతాచార్యుఁడు. బాల్యమునఁ దనకు వేసిన టీకావలన బహుకాలము బాధపడితిననియు, తన కుమారునికిని నట్టి కీడే కలిగెననియుఁ జెప్పి యతఁడు నిరాకరించెను. ఆ సంగతులను నిరూపింతునని విచారణలోఁ గోరఁగా, నవి యప్రస్తుతములని క్రిందిన్యాయస్థానము సాక్ష్యమును స్వీకరింపదయ్యె.

వ్యవహారము తుదకు అమెరికా సుప్రీముకోర్టునకుఁ బోయెను. 1905 ఫిబ్రవరి 20వ తేదీని హార్లను న్యాయమూర్తి తీర్పు చెప్పెను. ఏడుగురు సమ్మతించిరి, బ్రూయరు, పెకాము అను నిరువురు విభేదించిరి గాని హేతువులు వ్రాయలేదు. పూర్వపక్షము లిఖితము కాకపోవుట శాస్త్రమునకు నష్టమని మనకుఁ దెలియును. ఆ యిరువురి మనసున నేమియుండెనో యెఱుఁగుటకు నేఁడు మార్గము లేదు.

ఇఁక తీర్పును నిదానముగాఁ జూతము. స్వాతంత్ర్యము నిరపేక్షము గాదు. సంఘమునకు నాపద వాటిల్లినపుడు దానికి మేరలు కలవు. ఆ మేరలను నిర్ణయించు నధికారము శాసనసభకుఁ గలదు. ఇది యుత్సర్గము. తఱచుగా నుదాహరింపఁబడునది యింతియే. కాని తీర్పు నిచ్చటనే ముగింపలేదు. నిర్బంధము అవసరమును మీఱినను, స్వైరమైనను, యుక్తిహీనమైనను, పీడాకరమైనను న్యాయస్థానము జోక్యము చేసికొనవచ్చునని చెప్పెను. మఱియొక విశేషము కలదు. వైద్యుని పత్రమున్న బాలురకు శాసనమున మినహాయింపు కలదు, పెద్దలకు లేదు. అయినను, టీకాకుఁ దగని దేహస్థితిలోనున్న పెద్దవానికి బలవంతముగా వేయుట క్రౌర్యమగుననియు, శాసనకర్త కట్టి యభిప్రాయము నారోపింపరాదనియు హార్లను వ్రాసెను. శాసనమున నక్షరరూపమున లేని యపవాదమును అర్థబలముచేఁ గల్పించె ననవలెను. మన భాష్యకారుల పద్ధతియు నిదియే గదా. శిక్షయు దండుగతోనే సరి; ఎవని చేతిని బట్టి సూది గ్రుచ్చలేదు.

ఇట్టి తీర్పునకు 1927లోఁ బట్టిన గతి చూడుఁడు. వర్జీనియా రాష్ట్రము 1924లోఁ జేసిన శాసనము ననుసరించి, మందబుద్ధి యని ముద్రవేయఁబడిన కారీ బక్కు అను యువతికి సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయింపఁదలఁచిరి. సుప్రీముకోర్టున నెనమండుగురు సమ్మతించిరి. తీర్పు వ్రాసిన హోమ్సు న్యాయమూర్తి, నిర్బంధ టీకాను నిలిపిన సూత్రమే యీ శస్త్రచికిత్సకును జాలునని చెప్పి, 1905 నాఁటి తీర్పునే ప్రమాణముగాఁ జూపెను. ఆ తీర్పున సమ్మతించిన యేడుగురిలో నతఁడు నొకఁడు! ఐదు డాలర్ల దండుగను గూర్చిన వాక్యమునుండి యనువృత్తి తెచ్చి, మఱలరాని యంగచ్ఛేదమున కన్వయించుట యతివ్యాప్తి. ఇట్టి శాసనములచే నా దేశమున నఱువదివేలమందికి మించి వంధ్యత్వము పొందిరి. ఉత్సర్గము నిలిచెను, అపవాదము మఱవఁబడెను.

న్యాయస్థానములు కాపాడనే లేదనుటయు సత్యము గాదు. 1900లో సాన్‌ఫ్రాన్సిస్కోనగరమునఁ బ్లేగు కనఁబడఁగా, హాఫ్‌కిన్ మందు వేయించుకొననిదే చీనావారు నగరము విడిచిపోరాదని యధికారులు కట్టడి చేసిరి. ఆ మందు బొంబాయిలో 1897లో సిద్ధమైనదే. వాంగు వై అనునతఁ డభియోగము తేఁగా మారో న్యాయమూర్తి యా కట్టడిని నిలిపివేసెను. చీనావారికే వ్యాధి యధికముగా సోఁకునన్న నిదర్శనము లేదనియు, జాతినిబట్టి విధించిన నియమము సమరక్షణకు విరుద్ధమనియు నిర్ణయించెను. నిర్బంధమందలి యుక్తిని బరీక్షించిన తీర్పులలో దీనికి నేను బెద్దపీట వేయుదును.

ఇంగ్లండున రక్షణ న్యాయస్థానమునుండి రాలేదు, శాసనసభనుండి వచ్చెను, అదియు నాలస్యముగా. 1853లో శిశువులకు టీకా నిర్బంధమయ్యెను. 1867 శాసనముచే మరల మరల దండుగ విధించుటకు వీలు కలిగెను. కట్టలేని బీదల సామానులు వేలము వేయఁబడెను. కొందఱు చెఱసాల పాలైరి. 1885లో లెస్టరు నగరమున మహాప్రదర్శనము జరిగెను. 1889లో నియమింపఁబడిన రాజవిచారణసంఘము 1896 దాఁకఁ గాలము గడపెను. పిమ్మట 1898 శాసనము మనస్సాక్షికి విరుద్ధమన్న తండ్రికి మినహాయింపు నిచ్చెను గాని, మేజిస్ట్రేటును మెప్పింపవలెను. కూలి మానుకొని వచ్చి నిలిచిన బీదవానిని మెప్పించుకొనకయే పంపిన మేజిస్ట్రేటులు పెక్కురు. 1907లో గాని ప్రమాణపత్రము చాలునన్న సౌలభ్యము రాలేదు. అపవాద మేర్పడినంతనే చాలదు; అది యెవని చేతిలోనున్నదో చూడవలెను.

మన దేశమున 1897 నాఁటి యంటువ్యాధుల శాసనము, దాని ననుసరించి సద్బుద్ధితోఁ జేసిన పనులకు వ్యాజ్యము తేరాదని న్యాయస్థానద్వారమునే మూసెను. కరోనా కాలమున, అనఁగా 2021 జూనులో, మేఘాలయ హైకోర్టు దుకాణదారులు మొదలగువారి జీవనోపాధికి టీకాను ముడివేసి నిర్బంధించుట చెల్లదనెను. 2022 మే 2వ తేదీని జేకబ్ పులియేల్ వ్యాజ్యమున సుప్రీముకోర్టువారు, అనఁగా మన యాంధ్రుఁడైన లావు నాగేశ్వరరావుగారును గవాయిగారును, రాజ్యాంగము 21వ యధికరణముచే దేహస్వాతంత్ర్యము రక్షితమనియు, నెవ్వనిని బలవంతముగా టీకాకు లోఁబఱుపరాదనియుఁ జెప్పిరి. లోకహితార్థము పరిమితులు విధింపవచ్చును గాని యవి ప్రయోజనమునకుఁ దగినంతగానే యుండవలెననిరి. టీకా లేనివారివలననే వ్యాధి యధికముగా వ్యాపించునన్న నిదర్శనమును బ్రభుత్వములు చూపలేదు గావున నాఁటి నిర్బంధములు తగవని నిర్ణయించిరి. ఇది 1905 నాఁటి యపవాదమునకుఁ బునఃప్రతిష్ఠ.

కాని వ్యాజ్యము 2021లో వేయఁబడినది. తీర్పు వచ్చునాఁటికిఁ బెక్కురాష్ట్రములు కట్టడులను సడలించియే యుండెను. నే నెఱిఁగిన యొక పాఠశాలలో వంటవాఁ డొకఁడు, వ్యాధిగ్రస్తుఁడై వైద్యుఁడు కొన్నాళ్లాగుమనఁగా నాగినవాఁడు, పత్రము లేదని ద్వారముకడ నిలుపఁబడెను. మూఁడునెలల జీతము పోయినది. తరువాత టీకాయు వేయించుకొనెను, పనిలోను జేరెను. తీర్పు వెలువడిన దినమున నేనే పత్రిక చదివి వానికి వినిపించితిని. "అయితే ఆ మూఁడునెలల జీత మెవరిస్తారండీ పంతులుగారూ?" అని వాఁ డడిగెను.